ఫేస్‌లిఫ్ట్ కోత చెవి బుడిపె ముందా, వెనకా?

ప్రశ్న: అమ్మానాన్న ఇద్దరూ ఫేస్‌లిఫ్ట్ (ముఖం మీద వదులైన చర్మాన్ని లాగి బిగించే ఆపరేషన్) అంటున్నారు, డాక్టర్ గారేమో అమ్మకి కోత చెవి రంధ్రం ముందున్న బుడిపె వెనక నుంచి, నాన్నకి మాత్రం బుడిపె ముందు మడతలో అన్నారు, ఎందుకండీ తేడా?

జవాబు: గడ్డం వల్లండి. మగాళ్ళకి బుడిపె వెనక కోస్తే చర్మం లాగి కుట్టినప్పుడు గడ్డం మొలిచే చర్మం బుడిపె మీదకొచ్చేస్తుంది, ఇక అక్కడ కూడా షేవింగ్ చేసుకోవాలి. ఆడవాళ్ళకి ఆ బాధ లేదు, మచ్చ అంచులో దాగిపోతుంది.

జవాబు: కణత దగ్గర సంగతీ అడగండి. చర్మం ఎక్కువ లాగాల్సొస్తే, జుట్టు లోపల కోస్తే చెంప దగ్గరి జుట్టు పైకి జరిగిపోతుంది, అందుకే అలాంటప్పుడు జుట్టు అంచు వెంబడే కోస్తారు. చెవి తమ్మె మీద బిగువు పడకూడదు, మా పిన్నికి సాగి చెంపకి అతుక్కున్నట్టైపోయింది పాపం.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. అమ్మ ఎప్పుడూ జుట్టు ముడే వేసుకుంటుంది, చెవి వెనక మచ్చ ఉంటే కనిపిస్తుందేమో, దాని గురించి కూడా అడుగుతా.