ఊరి నోటీసు బోర్డులో మా హెడ్జ్ (ఇంటి ముందు పొదల కంచె) గురించి రాశారు. మీటింగ్‌కి వెళ్ళాలా?

కొత్తకాపు_ష్రాప్‌షైర్
అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం ఇంగ్లండ్‌లోనే బర్మింగ్‌హామ్ నుంచి ష్రాప్‌షైర్‌లో ఒక చిన్న ఊరికి మారాం. మూడొందల గడప కూడా ఉండదు. చర్చి, పబ్, రోజుకి రెండు బస్సులు, అంతే. బస్ షెల్టర్ పక్కన అద్దం తలుపుతో ఒక చెక్క బోర్డు, దానికో తాళం. నిన్న పిల్లాణ్ణి స్కూల్లో దింపి వస్తూ ఆగి చదివాను.

ఒక కాగితంలో, ఫుట్‌పాత్ మీదికి పెరిగిన హెడ్జ్‌లు కత్తిరించుకోవాలని ఉంది. పేరు లేదు, మా సందు పేరు మాత్రం ఉంది. ఆ సందులో హెడ్జ్ ఉన్నది మాకొక్కళ్ళకే! ఇంకో దాంట్లో మే 14 రాత్రి ఏడున్నరకి విలేజ్ హాల్లో యాన్యువల్ పారిష్ మీటింగ్. అలాట్‌మెంట్ (కూరలు పండించుకోడానికి అద్దెకిచ్చే చిన్న స్థలం) ఖాళీ ఉందని ఒకటి, దిష్టిబొమ్మల పోటీ అని మరొకటి.

నా సందేహాలు: పారిష్ అంటే చర్చి వాళ్ళదా? మేం వెళ్తే బావుంటుందా? గార్డెన్ చెత్తకి ఇంకో బిన్ కావాలంటే వీళ్ళనే అడగాలా? అలాట్‌మెంట్‌లో మన కూరలు పండుతాయా? ఆ బోర్డు చూసిన దగ్గర్నుంచి మా ఆవిడ ఒకటే టెన్షన్. "వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఊళ్ళో మన పేరు ఎక్కిందా" అంటోంది.

నార్ఫోక్_గోంగూర
హెడ్జ్ సంగతి తర్వాత చూద్దురుగానీ, ముందు ఆ అలాట్‌మెంట్ పట్టుకోండి! నేను నాలుగేళ్ళు ఎదురుచూశాను. పూర్తి ప్లాట్ అంటే పాత లెక్కలో పది రాడ్లు, దాదాపు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో ఆరుంబావు సెంట్లు. గోంగూర బయట నేలలో రాదండి, ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర కుండీలో నారు పోసి, జూన్‌లో పాలిటన్నెల్‌లోకి, అంటే ప్లాస్టిక్ కప్పిన గుడారంలోకి, మార్చాలి. అలా చేస్తే సెప్టెంబరు దాకా కోసుకోవచ్చు.

పోయినేడు మా ఊరి కూరగాయల ప్రదర్శనలో "ఇతర కూరగాయలు" అనే విభాగంలో సొరకాయ పెట్టాను. జడ్జి గారు పెన్సిల్‌తో టకటకా కొట్టి చూసి, "ఇది తింటారా, వాయిస్తారా?" అని అడిగారు. మూడో బహుమతి. మొదటి బహుమతి లీక్స్‌కి (ఉల్లికాడల్లాంటి కూర) వెళ్ళింది, దాని గురించి నేనేం మాట్లాడను.

ఊరికే_చదివేవాణ్ణి
హెడ్జ్ కాగితం మీద తేదీ ఏముందో చూశారా అండీ?

కెంట్_కౌన్సిలర్
కాస్త తెలిసినవాడిగా చెప్తాను. ఆరేళ్ళుగా మా ఊరి పారిష్ కౌన్సిల్లో (మన పంచాయతీ లాంటిది) ఉన్నాను, అందులో రెండేళ్ళు ఛైర్మన్ని. పారిష్ కౌన్సిల్‌కీ చర్చికీ సంబంధం లేదు. ఒకప్పుడు ఊరి పనులన్నీ చర్చి తాలూకు వెస్ట్రీ అనే సభ చూసేది, 1894 చట్టంతో విడదీసి ఎన్నికైన కౌన్సిళ్ళకి ఇచ్చారు. చర్చికి వేరే కమిటీ ఉంటుంది. పేర్లు ఒకేలా ఉండడంతో పుట్టి పెరిగిన ఇంగ్లీషువాళ్ళు కూడా తికమక పడతారు.

యాన్యువల్ పారిష్ మీటింగ్ అసలు కౌన్సిల్ మీటింగే కాదు, ఊరి ఓటర్ల మీటింగ్. మార్చి 1కీ జూన్ 1కీ మధ్య పెట్టి తీరాలి. మన గ్రామసభ అనుకోండి. మీరు ఓటరైతే లేచి మాట్లాడొచ్చు, చెయ్యెత్తి ఓటెయ్యొచ్చు.

హెడ్జ్ మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కొయ్యడం నిషేధం. పక్షులు గూళ్ళు పెట్టే కాలం. అడిగితే చట్టం ఉందని చెప్పండి.

సఫోక్_రైతుబిడ్డ
క్షమించాలి, కౌన్సిలర్ గారూ, తప్పు చెప్తున్నారు. మీరు చెప్పే తేదీలు 2024లో వచ్చిన హెడ్జ్‌రో నిబంధనలవి. అవి వ్యవసాయ భూములకి. ఇంటి తోటకి వర్తించవు. పైగా దారికి అడ్డం వచ్చే కొమ్మలు కొట్టడానికి వాటిలోనే మినహాయింపు ఉంది. నేను ఒక ఫారంలో పనిచేస్తాను, ఈ కాగితాలు నింపేది నేనే.

కెంట్_కౌన్సిలర్
తోటలో పక్షులు గూడు పెట్టుకోవా? 1981 వన్యప్రాణి చట్టం చదవండి.

సఫోక్_రైతుబిడ్డ
చదివే మాట్లాడుతున్నా. ఆ చట్టం గూడు సంగతి చెప్పింది. వాడుకలో ఉన్న గూడుని కావాలని పాడుచెయ్యడం నేరం. ఫలానా నెలల్లో కత్తెర పట్టుకోవద్దని ఎక్కడా లేదు. ముందు లోపల చూసుకోవాలి, గూడు లేకపోతే కొట్టుకోవచ్చు. మరోవైపు ఫుట్‌పాత్‌కి అడ్డం వస్తే 1980 హైవేస్ చట్టం 154వ సెక్షన్ కింద నోటీసివ్వొచ్చు. ఆ నోటీసిచ్చేది రోడ్లు చూసే హైవే అథారిటీ, పారిష్ కాదు. బోర్డు మీద పెట్టింది బతిమాలడమే.

కెంట్_కౌన్సిలర్
ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడికి మీరు నేర్పుతున్నారు. సరే, కానివ్వండి.

ఓరుగల్లు_టు_డెవాన్
ఆరేళ్ళ అనుభవం అంటే ఆరేళ్ళుగా అదే తప్పు చెప్తున్నట్టా అన్నా 😄

కెంట్_కౌన్సిలర్
ఇలాంటి వెటకారం వల్లే తెలిసినవాళ్ళు ఇక్కడ రాయడం మానేస్తున్నారు. జీతం లేకుండా నెలకోసారి చలిలో ఆ హాల్లో కూర్చుంటున్నాను, ఊరికే కాదు.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
గూడు అంటే గుర్తొచ్చింది. మాకూ ఇలాంటి చీటీయే వచ్చింది. మావారు ట్రిమ్మర్ తీశాక నేనే ఆపి, ఫోన్ టార్చ్‌తో కొమ్మలు విడదీసి చూశాను. నా మోచేతి ఎత్తులో గడ్డి, మట్టి కలిపి అల్లిన గిన్నెలాంటి గూడు, అందులో నీలిపచ్చ గుడ్లు నాలుగు. బ్లాక్‌బర్డ్‌వి. ఇక మూడు నాలుగు వారాలు ఆ వైపుకి ఎవర్నీ పోనివ్వలేదు. ఒక అట్టముక్క మీద "లోపల పసిపిల్లలున్నారు, ఎగిరిపోయాక కత్తిరిస్తాం" అని రాసి హెడ్జ్‌కే కట్టాను. అంతకుముందు పలకరించని ముసలాయన ఒకరు రోజూ కుక్కని తీసుకుని వచ్చి "ఎలా ఉన్నారు పిల్లలు" అని అడిగి వెళ్ళేవారు.

కాబట్టి ముందు టార్చ్ వెయ్యండి తమ్ముడూ. మీ ఆవిణ్ణి కంగారుపడొద్దనండి.

లెక్కలమాస్టర్
పక్షుల గొడవ చాలు. డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? మీ కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లులో పారిష్ పేరుతో ఒక వరుస ఉంటుంది, దాన్ని ప్రిసెప్ట్ అంటారు. ఆ డబ్బుకి లెక్క అడిగే హక్కు మనకుంది. ఏటా 30 పనిదినాల పాటు పుస్తకాలు చూడనివ్వాలి. జూలై మొదటి పది పనిదినాలు అందులో ఉండి తీరాలి. దాని నోటీసు కూడా ఆ బోర్డులోనే పెడతారు, ఎవడూ చదవడు. నేను చదివి వెళ్ళాను. ఒక బెంచీకి పెట్టిన ఖర్చు చూసి కళ్ళు తిరిగాయి. మూడు కొటేషన్లు ఉన్నాయా అని అడిగా. అంతే, పారిష్ పనులు చూసే ఆ క్లర్క్ ఆ తర్వాత నాతో వాతావరణం గురించి కూడా మాట్లాడలేదు!

నార్ఫోక్_గోంగూర
పాపం ఆవిడ వారానికి ఏ ఎనిమిది గంటల జీతమో తీసుకుని ఊరంతటి పనీ చేస్తుంది. మీరు వెళ్ళి బెంచీ బిల్లు అడిగారా? మన గురించి ఏమనుకుంటారు?

లెక్కలమాస్టర్
"మన గురించి ఏమనుకుంటారు" అన్న భయంతోనే మనవాళ్ళు ఎక్కడా నోరు విప్పరు. హక్కు వాడుకుంటే పరువు పోతుందా? మీ సొరకాయకి మూడో బహుమతి ఎందుకిచ్చారని అడిగారా? అడగలేదు.

నార్ఫోక్_గోంగూర
నా సొరకాయ జోలికి రాకండి.

ఓరుగల్లు_టు_డెవాన్
మా ఊర్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు, రెండు నిమిషాల్లో అందరికీ తెలిసేది. ఇక్కడ తాళం వేసిన బోర్డు, దాని తాళంచెవి ఒకే ఒక్క మనిషి దగ్గర. ఆయన స్పెయిన్ పోతే రెండు వారాలు ఊళ్ళో వార్తల్లేవు. నిజంగా జరిగింది.

మా దగ్గర ఎర్ర ఫోన్ బూత్‌ని ఒక్క పౌనుకి ఫోన్ కంపెనీ బీటీ నుంచి పారిష్ తీసుకుంది. 2008 నుంచి ఆ పథకం ఉంది. ఇప్పుడు అందులో పైన డిఫిబ్రిలేటర్ (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం), కింద పాత పుస్తకాలు. నేను రెండు తెలుగు నవలలు పెట్టాను. ఒకటి పోయింది! డెవాన్‌లో దాన్ని తీసుకెళ్ళిన ఆ మహానుభావుడు ఎవరో ఈ గుంపులోనే ఉంటే చెప్పండి, చాయ్ తాగుదాం.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
పుస్తకాలు సరే, ఆ డిఫిబ్రిలేటర్ ఎక్కడుందో మాత్రం ఇంట్లో అందరికీ చూపించి పెట్టండి. 999కి ఫోన్ చేస్తే పెట్టె తెరిచే కోడ్ వాళ్ళే చెప్తారు. పల్లెల్లో అంబులెన్స్ రావడానికి టైమ్ పడుతుంది.

వీసా_వెంకన్న
ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఓటే లేదు కదా, మీటింగ్‌లో చెయ్యెత్తడం ఏంటి?

కెంట్_కౌన్సిలర్
ఉంది. కామన్వెల్త్ పౌరులం కాబట్టి, చెల్లే వీసా మీద ఇక్కడ ఉంటే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. పార్లమెంటు ఎన్నికలకీ ఓటుంది. కౌన్సిల్‌కి పోటీ చెయ్యాలంటే మాత్రం ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ ఉండాలి. చాలా ఊళ్ళలో పోటీయే ఉండదు. ఖాళీ పడ్డప్పుడు పదిమంది ఓటర్లు ఎన్నిక కావాలని అడగకపోతే కౌన్సిలే ఎవరో ఒకర్ని కోఆప్ట్ చేసుకుంటుంది, అంటే ఎన్నిక లేకుండా తీసుకుంటుంది. నేనూ అలా వచ్చినవాణ్ణే, దాచడానికేముంది. (ఇందులో తప్పుంటే రైతుబిడ్డ గారు చెప్తారు.)

సఫోక్_రైతుబిడ్డ
ఇది కరెక్టే. 🙂

వీసా_వెంకన్న
పదేళ్ళుగా ఇక్కడున్నా, ఒక్కసారీ ఓటెయ్యలేదు. ఎవరూ చెప్పలేదు. దారుణం.

లెక్కలమాస్టర్
మీటింగ్‌లు బయటివాళ్ళు కూర్చుని వినొచ్చు, అది 1960 చట్టం. ఆ బిల్లు తెచ్చింది అప్పుడే ఎంపీ అయిన మార్గరెట్ థాచర్. పార్లమెంటులో ఆవిడ తొలి ప్రసంగం దాని మీదే. 2014 నుంచి వీడియో కూడా తీసుకోవచ్చు. నేను తీస్తాను.

ఓరుగల్లు_టు_డెవాన్
మాస్టారూ, మీరు ఏ ఊళ్ళో ఉంటారో చెప్పకండి, ఆ ఊరికి మారకుండా ఉంటా. హ్యాండ్‌ఫోర్త్ పారిష్ జూమ్ మీటింగ్ చూశారు కదా అందరూ? 2021 ఫిబ్రవరిలో వైరల్ అయింది, ఆ మీటింగ్ నడిపిన జాకీ వీవర్ ఒక్కొక్కర్నీ మీటింగ్ లోంచి తీసి బయట పెట్టింది. నేను ఆఫీసు పని పక్కన పెట్టి మూడుసార్లు చూశా. తర్వాత ఆ ఏడు మే 7తో కోవిడ్ కోసం ఇచ్చిన ఆన్‌లైన్ మీటింగ్‌ల వెసులుబాటు పోయింది, లేకపోతే మా ఊళ్ళోనూ సీరియల్ నడిచేది.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
దీపావళి సంగతి అడగాలనుకుంటున్నా. టపాసులకి మామూలు రోజుల్లో రాత్రి 11 దాకే, దీపావళికి ఒంటిగంట దాకా అనుమతి ఉంది కదా. మా ఊళ్ళో గుర్రాలున్నాయి. చట్టం ఒప్పుకున్నా మనసు ఒప్పుకోవట్లేదు. పోయినేడు కాకరపువ్వొత్తులతో సరిపెట్టాం, పిల్లలు మూతులు ముడిచారు. మీరంతా ఏం చేస్తున్నారు?

నార్ఫోక్_గోంగూర
కొత్తకాపు గారూ, అలాట్‌మెంట్ ఏమైంది?

కొత్తకాపు_ష్రాప్‌షైర్
ఆలస్యానికి క్షమించండి. నిన్న మీటింగ్‌కి వెళ్ళొచ్చాం. కౌన్సిలర్లతో కలిపి పదకొండు మంది. టీ, షార్ట్‌బ్రెడ్ పెట్టారు. గంటసేపు ఒకటే గొడవ, గుంత పడిన రోడ్డు గురించి. అది పారిష్ చేతిలో లేదట, ష్రాప్‌షైర్ కౌన్సిల్ చూడాలట. బిన్ కూడా అక్కడే అడగాలట. ఇక్కడ జిల్లా కౌన్సిళ్ళు 2009లోనే పోయాయి కాబట్టి అన్నిటికీ అదొక్కటే.

హెడ్జ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. చివర్లో నేనే లేచి, "ఆ సందులో ఉండేది మేమే, రెండు రోజుల్లో కత్తిరిస్తాం" అన్నాను. క్లర్క్ గారు అయోమయంగా చూశారు. తర్వాత నవ్వారు. అది పోయిన సెప్టెంబరు కాగితమట. మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం పెట్టారు, తియ్యడం మర్చిపోయారు. వస్తూ బోర్డు దగ్గర ఫోన్ వెలుగులో చూశాను. కింద చిన్న అక్షరాల్లో తేదీ ఉంది.

ఊరికే_చదివేవాణ్ణి
🙏

కొత్తకాపు_ష్రాప్‌షైర్
మీరు మొదట్లోనే అడిగారండీ, నేనే పట్టించుకోలేదు. గోంగూర గారూ, అలాట్‌మెంట్ కాగితం కూడా అదే నాటిది. ఇప్పుడు మాకు ముందు ఏడుగురు ఉన్నారు. మా ఆవిడ దిష్టిబొమ్మల పోటీకి పేరిచ్చేసింది. నా పాత లుంగీ అడిగింది, ఎందుకని అడగలేదు.

నార్ఫోక్_గోంగూర
కిటికీ దగ్గర కుండీ పెట్టుకోండి. విత్తనాలు పంపిస్తాను.