గురుత్వ తరంగాలు శూన్యంలో ఎలా ప్రయాణిస్తాయి? మీకు ఎలా అర్థమైంది?

నింగిచూపు: శబ్దానికి గాలి కావాలి, అలకు నీళ్లు కావాలి. మరి గురుత్వ తరంగం దేన్ని పట్టుకుని నడుస్తుంది? సాగదీసిన దుప్పటి మీద ఇనుప గుండు బొమ్మ ఎన్నిసార్లు చూసినా తికమకే. మీకు ఎక్కడ వెలిగిందో చెప్పండి.

ఫిజిక్స్_మాస్టారు: ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. నేను క్లాసులో బోర్డు మీద చుక్కలతో ఒక వలయం గీస్తాను. తరంగం బోర్డులోంచి మన వైపు వస్తోందనుకోండి. వలయం నిలువుగా సాగి అడ్డంగా నొక్కుకుపోతుంది, మరుక్షణం అడ్డంగా సాగి నిలువుగా నొక్కుకుపోతుంది. తరంగం వచ్చే దిశలో మాత్రం సాగడమూ లేదు, నొక్కుకోవడమూ లేదు. చుక్కలను ఎవరూ తోయట్లేదు, వాటి మధ్య దూరమే మారుతోంది. మోయడానికి వేరే పదార్థం అక్కర్లేదు, అలలు లేచేది స్థలకాలంలోనే, అంటే స్థలం, కాలం కలిసిన అల్లికలోనే. ఇది గీశాక పిల్లలు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

రాత్రి_ఆకాశం: నాకు నమ్మకం కుదిరింది 2017 ఆగస్టు 17 సంగతి చదివాక. దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పేలిపోయిన పెద్ద నక్షత్రాల దట్టమైన అవశేషాలు) కలిసిపోయాయి. తరంగం ముగిసిన 1.7 సెకన్లకు గామా కిరణాలు అందాయి. అంత ప్రయాణం చేసి రెండు సెకన్ల తేడా కూడా లేదు! ఆ కాస్త తేడా కూడా కిరణాలు ఆలస్యంగా బయల్దేరడం వల్లే కావచ్చు. కాంతి వేగంతోనే వస్తాయనడానికి ఇంకేం కావాలి?

నింగిచూపు: దారిలో ధూళి, నక్షత్రాలు అడ్డొస్తే?

డేటా_పిచ్చి: దాదాపు ఏమీ కాదు. కాంతిని ధూళి మింగేస్తుంది గానీ వీటిని పదార్థం ఆపలేదు. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టి, 2015 సెప్టెంబర్ 14న దొరికిన మొదటి తరంగం దక్షిణాకాశం నుంచి వచ్చింది. భూమిలోంచే దూసుకొచ్చి, ఈ తరంగాలను పట్టే అమెరికాలోని లైగో కేంద్రాలు రెండింటిలో ముందు లివింగ్‌స్టన్‌ను తాకింది, 7 మిల్లీసెకన్లకు హాన్‌ఫర్డ్‌ను తాకింది. లైగో డేటా అందరికీ ఉచితమే. ధ్వనిగా మార్చినది హెడ్‌ఫోన్స్‌లో వినండి: 35 హెర్ట్జ్ దగ్గర గుమ్మని మొదలై, సెకనులో ఐదో వంతులో 250కి లేచి ఆగిపోతుంది. నేనైతే రాత్రంతా అదే విన్నాను.

ఫిజిక్స్_మాస్టారు: ఆగదు, కానీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే తరంగం ఎత్తు సగమవుతుంది. ఆ 2015 తరంగం 130 కోట్ల కాంతి సంవత్సరాలు దాటి వచ్చేసరికి 4 కిలోమీటర్ల లైగో చేయి మారింది ప్రోటాన్ వెడల్పులో దాదాపు 400వ వంతు!

రాత్రి_ఆకాశం: విశ్వం వ్యాకోచించడం వల్ల దారిలో తరంగదైర్ఘ్యం కూడా సాగుతుంది. అది సరిచేయకపోతే కృష్ణబిలాల బరువు అసలు కన్నా ఎక్కువగా లెక్క తేలుతుంది.