ఎక్స్‌రేలో వయసు 17–19 అని రాశారు, పుత్తూరు కట్టు వల్ల తేడా వస్తుందా?

తిరుపతి ఆటో:
తిరుపతిలో ఆటో నడుపుతా. మా అక్క కొడుకు జాతరలో జరిగిన కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. పద్దెనిమిది నిండలేదని అక్క, నిండాయని అవతలివాళ్లు. వాడు ఇంట్లోనే పుట్టాడు, సర్టిఫికెట్ లేదు. మూడో తరగతిలో బడి మానేశాడు. ఎప్పుడు పుట్టాడంటే ‘మామిడికాయలు కోసేటప్పుడు’ అంటుంది అక్క, ఏ ఏడో చెప్పలేదు. కోర్టు చెప్తే మోచేయి, మణికట్టు, తుంటి ఎక్స్‌రేలు తీశారు, పళ్లు కూడా లెక్కబెట్టారు. రిపోర్టులో 17 నుంచి 19 అని ఉంది. ఎముకను చూసి వయసు ఎట్లా చెప్తారు? ఇంకో అనుమానం. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడితే ఎడమ మణికట్టుకి పుత్తూరులో కట్టు కట్టించాం. ఆ చెయ్యే ఎక్స్‌రే తీస్తే లెక్క తప్పదా?

ఫోరెన్సిక్ పీజీ:
అన్నా, పెరిగే వయసులో పొడవాటి ఎముకల కొసల దగ్గర మెత్తటి పొర ఉంటుంది. ఎక్స్‌రేలో నల్లగీతలా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగేకొద్దీ గీత పోయి కొస ఎముకకి అతుక్కుంటుంది. అన్నీ ఒకేసారి అతుక్కోవు. మగపిల్లల్లో మోచేయి సుమారు 16కల్లా, మణికట్టు 18కి అటూ ఇటూ, తుంటి ఎముక పై అంచు ఇంకా ఆలస్యంగా. ఆడపిల్లల్లో ఏడాది, రెండేళ్లు ముందే. మోచేయి మూసుకుపోయి, మణికట్టు సగంలో ఉండి, తుంటి అంచు విడిగా ఉంటే మీ రిపోర్టులాంటిదే వస్తుంది. జ్ఞానదంతాన్ని నేనైతే పెద్దగా నమ్మను, కొందరికి 17కే వస్తుంది, కొందరికి అసలు రాదు.

పుత్తూరు కట్టుతో ఇబ్బంది లేదు, విరిగింది ఎక్కడన్నదే ముఖ్యం. ఆ పెరిగే పొరకే దెబ్బ తగిలి ఉంటే అది ముందే మూసుకుపోవచ్చు. అప్పుడు పిల్లోడు ఉన్న వయసు కంటే పెద్దగా కనిపిస్తాడు. కుడి చెయ్యి కూడా తీశారా? పాత దెబ్బ సంగతి డాక్టరుకి చెప్పారా?

చిత్తూరు వకీలు:
అసలు ఎముకల దాకా ఎందుకు పోయారు? 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం ముందు బడి ఇచ్చే పుట్టినతేదీ, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ సర్టిఫికెట్. రెండూ లేనప్పుడే ఈ పరీక్ష. ఎక్స్‌రే లెక్కకి రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉంటుందని 1982లోనే జయమాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడో తరగతి దాకా చదివాడుగా, అడ్మిషన్ రిజిస్టరు ఏమైంది?

తిరుపతి ఆటో:
ఎడమ చెయ్యి ఒక్కటే తీశారంట సార్. పాత దెబ్బ గురించి వాళ్లు అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. పలమనేరు దగ్గర వాడు చదివిన బడికి ఫోన్ చేశా. పాత రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి, సోమవారం రమ్మన్నారు. అక్కేమో, బడిలో చేర్చిన రోజు అయ్యవారే ఏదో ఒక తేదీ వేసుకున్నాడు అంటోంది.