ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల సామర్థ్యాన్ని పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు లేని ల్యాబు నివేదికను కోర్టు నేరుగా తీసుకోవచ్చా?

గుంటూరు_న్యాయవాది:
ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలన్నిటిలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని 2024 జులై 1న సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 176(3) చెబుతోంది. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఉంది. అదే చట్టంలోని 329వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిపుణుడు బోనెక్కకపోయినా ఆయన నివేదిక సాక్ష్యంగా చెల్లుతుంది. ల్యాబుకు అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉండాలన్న మాట మాత్రం అందులో లేదు. పరీక్షా ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 కింద గుర్తింపు ఉన్న పరీక్షలకే ఈ సౌకర్యం ఇవ్వాలని నా వాదన.

విశ్రాంత_టాక్సికాలజిస్ట్:
గుర్తింపు ఉంటే తప్పు జరగదా? ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లోని రాండాక్స్ ల్యాబులో డేటా తారుమారైందన్న అనుమానం 2017లో బయటపడినప్పుడు పదివేలకు పైగా కేసులపై నీడ పడింది. ఆ ల్యాబుకు గుర్తింపు ఉంది.

గుంటూరు_న్యాయవాది:
అమెరికాలో మసాచుసెట్స్‌లోని హింటన్ ల్యాబుకు లేదు. అక్కడ ఆనీ డూకన్ అనే ఉద్యోగి పరీక్షించని నమూనాలను కూడా మాదకద్రవ్యాలేనని ధ్రువీకరించినందుకు 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేయాల్సి వచ్చింది.

విశ్రాంత_టాక్సికాలజిస్ట్:
నేను అడిగింది రాండాక్స్ గురించి. దానికి జవాబు చెప్పండి.

ఒక_పాఠకురాలు:
గుర్తింపు ల్యాబు మొత్తానికి ఇస్తారా, ఒక్కో పరీక్షకా?

గుంటూరు_న్యాయవాది:
ఒక్కో పరీక్షకేనమ్మా. విష పరీక్షకు ఉండి, చేతిరాతకు లేకపోవచ్చు.

కర్నూలు_అన్న:
చనిపోయిన మా తమ్ముడి విసెరా (పరీక్ష కోసం తీసిన లోపలి అవయవాల నమూనా) సీసా స్టేషన్‌లో కిటికీ పక్కనున్న ఇనప బీరువా మీద పన్నెండు రోజులు ఉంది. లక్క సీలు ఎండకు మెత్తబడి గుడ్డకు అంటుకుపోవడం నేను కళ్లారా చూశాను. పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన నివేదికలో మాత్రం ‘సీళ్లు చెక్కుచెదరలేదు’ అని ఉంది. ఆ పన్నెండు రోజులకు ఏ గుర్తింపు పూచీ పడుతుంది?

గుంటూరు_న్యాయవాది:
స్టేషన్‌లో గడిచిన రోజులకు పూచీ పడదు. నమూనా అందినప్పుడు ఏ స్థితిలో ఉందో నమోదు చేయడం మాత్రం ఆ ప్రమాణం ప్రకారం తప్పనిసరి. ఇక్కడ రాసినవారు అబద్ధం రాశారు.

విశ్రాంత_టాక్సికాలజిస్ట్:
నోటికొచ్చినట్టు అనకండి! ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర నిలబడినవాణ్ని. సీలు చెడిందని ఒకసారి రాశాను. సాయంత్రానికల్లా ‘కేసు పాడుచేస్తారా’ అంటూ పైనుంచి ఫోన్ వచ్చింది. నా సెలవు మంజూరు చేయాల్సిందీ, నాకు రసాయనాలు కొనిపెట్టాల్సిందీ ఆ పైవాళ్లే. గోడకు సర్టిఫికెట్ తగిలిస్తే ఆ ఫోన్ ఆగిపోతుందా?

గుంటూరు_న్యాయవాది:
అబద్ధమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను; క్షమించండి. అయితే ఇది ముందే చెప్పాల్సింది సార్. అమెరికా జాతీయ సైన్సెస్ అకాడమీ 2009 నివేదిక గుర్తింపును తప్పనిసరి చేయమంటూనే, ల్యాబులను పోలీసు, ప్రాసిక్యూషన్ పెత్తనం నుంచి తప్పించమని కూడా కోరింది. హ్యూస్టన్‌లో 2014లో ల్యాబును పోలీసు శాఖ నుంచి వేరు చేశారు. నేను మొదటి సగమే పట్టుకు కూర్చున్నాను.

విశ్రాంత_టాక్సికాలజిస్ట్:
వేరు చేసినా కాపలా కావాలి. వాషింగ్టన్ నగర ల్యాబు పోలీసుల కింద లేదు, అయినా 2021లో గుర్తింపు పోగొట్టుకుంది. కర్నూలు బాబూ, నమూనా స్వీకరణ రిజిస్టరులో ఆ తేదీ పేజీ అడగండి. నివేదికలో రాయలేనిది ఒక్కోసారి అక్కడ పెన్సిలుతో రాసి ఉంటుంది.

గుంటూరు_న్యాయవాది:
329(2) కింద ఆ నిపుణుణ్ని, రిజిస్టరుతో సహా పిలిపించమని మీ వకీలు చేత పిటిషన్ వేయించండి.

కర్నూలు_అన్న:
రిజిస్టరు ఒకటుంటుందని ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదండీ. సోమవారం వాయిదా ఉంది, అడిగిస్తాను.