మిలాన్ పార్కులో టైప్‌రైటర్ ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన ఎవరు?

ప్రశ్న (మిలాన్‌కి కొత్త):
చదువుకోడానికి ఇక్కడికొచ్చి రెండు నెలలైంది. పలెస్త్రో మెట్రో దగ్గరున్న పార్కులో ఒక బక్కపలచని ముసలాయన విగ్రహం ఉంది, ఒళ్లో టైప్‌రైటర్‌తో. పార్కుకీ ఆయన పేరే, ఇంద్రో మోంతనెల్లి. మా క్లాస్‌మేట్‌ని అడిగితే, "దాన్ని ఎప్పుడో తీసేయాల్సింది" అని మొహం మాడ్చుకుంది. పేపర్లో కాలమ్ రాసుకునే మనిషి మీద అంత కోపమేంటండీ?

జవాబు (పాత మిలాన్‌వాసి):
తమ్ముడూ, నేను ఇటాలియన్ నేర్చుకున్నదే ఆయన చరిత్ర పుస్తకాలతో. పాత పుస్తకాల బండి మీద రెండు యూరోలకు దొరికేవి. అందుకని కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

పుట్టింది 1909లో, టస్కనీలోని ఫుచెక్యోలో. కొరియెరె దెల్లా సేరా అనే మిలాన్ దినపత్రికలో ఏళ్ల తరబడి పనిచేశారు. 1956లో హంగరీలో సోవియట్ పెత్తనం మీద జరిగిన బుడాపెస్ట్ తిరుగుబాటును అక్కడే ఉండి రాశారు. పేపరు మరీ ఎడమవైపు మొగ్గుతోందని గొడవపడి 1973లో బయటికొచ్చి, మరుసటేడే ఇల్ జొర్నాలె అనే సొంత పేపరు పెట్టారు. 1977 జూన్ 2న రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ ముఠా వాళ్లు ఆయన కాళ్ల మీద కాల్చారు, నువ్వు చూసిన ఆ పార్కు దగ్గరే. కింద పడకూడదని ఊచలు పట్టుకుని వేలాడారట. విచిత్రమేంటంటే, మర్నాడు కొరియెరె హెడ్డింగులో ఆయన పేరే లేదు! లోపల వార్తలో వెతుక్కోవాలి.

నాకు బాగా నచ్చేది మాత్రం 1994. అప్పటికి ఇల్ జొర్నాలె టీవీ ఛానళ్ల అధిపతి బెర్లుస్కోనీ కుటుంబం చేతిలో ఉంది. బెర్లుస్కోనీ రాజకీయాల్లోకి దిగుతుంటే, పేపర్ని ఆయన బాకా చేయనని మోంతనెల్లి తను పెట్టిన పేపర్నే వదిలేశారు. వయసు 84! లా వోచె అని ఇంకోటి పెడితే ఏడాదికే మూతపడింది. మళ్లీ కొరియెరెకే వచ్చి, 2001లో పోయేదాకా పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాశారు.

జవాబు (ఇంకొకరు):
అన్నా, అసలు సంగతి దాటేశారే. 1935లో ఇటలీ ఇథియోపియా మీద చేసిన యుద్ధానికి మోంతనెల్లి వెళ్లినప్పుడు పన్నెండేళ్ల పిల్లను ఆమె తండ్రి దగ్గర కొనుక్కుని 'పెళ్లి' చేసుకున్నారు. 1969లో టీవీలో దాన్ని మామూలు విషయంలా చెప్తుంటే, ఎల్వీరా బనోత్తి అనే జర్నలిస్టు లేచి నిలదీశారు. యూరప్‌లో అయితే దాన్నేమంటారని ఆమె ప్రశ్న. అందుకే 2019లో విగ్రహానికి గులాబీ రంగు పోశారు, 2020లో ఎరుపు.

పాత మిలాన్‌వాసి:
నిజమే, దాటేశాను. 2000లో పాఠకుల కాలమ్‌లో కూడా ఆ కథ మళ్లీ రాశారు, పశ్చాత్తాపం అన్న మాటే లేదు. అది చదివిన రోజు నాకు ఆ పుస్తకాలు ముట్టుకోబుద్ధి కాలేదు. తర్వాత మళ్లీ ముట్టుకున్నాను, అదీ నిజమే.

మిలాన్‌కి కొత్త:
మా క్లాస్‌మేట్ కోపం ఇప్పుడర్థమైంది. ఇంతకీ నా ఇటాలియన్ ఇంకా ఏ2లోనే (కింది నుంచి రెండో మెట్టు) ఉంది, ఆ పుస్తకాలు అర్థమవుతాయా?

పాత మిలాన్‌వాసి:
కష్టమే. మొదలుపెడితే రోమ్ చరిత్రతో మొదలుపెట్టు, కబుర్లు చెప్పినట్టుంటుంది. నా కాపీ ఇస్తాను, అట్ట మాత్రం ఊడిపోయింది.