కోళ్లు గురక పెడుతున్నాయి, ముక్కు కారుతోంది. ఏ మందు వాడారు?

జనగామ_పెరడు:
నాటువి, వనరాజావి కలిపి పెంచుతున్నా. ముసురు పట్టినప్పటి నుంచి రెండు పెట్టలకు గురక. పగలు తెలియదు, రాత్రి లైటు ఆపి గూటికి చెవి పెడితే గర్రుగర్రుమని వినిపిస్తోంది. ఒకదాని కంటి మూలలో నురగ బుడగలు. మేత మాత్రం తింటున్నాయి. కొక్కెర తెగులేమోనని టెన్షన్. ఏ మందు, ఎన్ని రోజులు? గుడ్లు తినొచ్చా? బాగున్నవాటికి కూడా ఇవ్వాలా?

భీమవరం_డేగ:
మేత తింటున్నాయంటే కొక్కెర కాదు తమ్ముడూ. అదే వస్తే ఇలా పోస్టులు పెట్టుకునే టైము కూడా ఇవ్వదు, పచ్చ రెట్ట వేసి, మెడ మెలితిరిగి, తెల్లారేసరికి గూడు ఖాళీ. నీది సీఆర్‌డీ, అంటే కోళ్లకు పట్టే మొండి ఊపిరి జబ్బు. మా తాతగారి కాలం నుంచి పుంజుల్ని మేపుతున్నాం, ఊపిరి చప్పుడు విని జబ్బు పేరు చెప్పేస్తా. ఎన్రోఫ్లాక్సాసిన్ కొట్టు, అయిదు రోజులు. అంతే.

ఖమ్మం_లక్ష్మి:
చూడకుండానే పేరు ఎలా పెట్టేస్తారండీ? మా పెట్టకీ గురకతోనే మొదలైంది, మర్నాటికి ఒక పక్క మొహం నిమ్మకాయంత ఉబ్బి కన్ను మూసుకుపోయింది. దగ్గరికెళితే కుళ్లు కంపు. అది కొరైజా అనే ముక్కు జబ్బు అన్నారు డాక్టరు. ముందు ముక్కు దగ్గర వాసన చూడండి, నోరు తెరిచి చూడండి. లోపల పసుపు పొర కట్టి ఉంటే అమ్మవారు (కోళ్ల మశూచి), దానికి ఈ మందులేవీ పనిచేయవు.

డాలస్_కోళ్లు:
అన్నా, ఎన్రో మాత్రం వద్దు. ఇక్కడ 2005లోనే కోళ్లకు దాన్ని ఆపేశారు, మనుషులకు వచ్చే విరేచనాల క్రిములు ఆ జాతి మందులకు లొంగడం లేదని. 2023 జూన్ నుంచి టెట్రాసైక్లిన్‌కి కూడా వెట్ చీటీ కావాలి.

భీమవరం_డేగ:
మీ అమెరికా చట్టం మీ దగ్గరే ఉంచుకోండి సార్. ఇక్కడ కోడి చస్తుంటే చీటీ కోసం ఎక్కడ తిరుగుతాం? ఇన్నేళ్లుగా మా పుంజులకు అదే ఇస్తున్నాం, ఒక్కదానికీ ఏమీ కాలేదు.

డాలస్_కోళ్లు:
పుంజులు గుడ్లు పెట్టవు కదండీ. అడిగినాయన పెట్టల గురించి అడిగారు. ఆ మందు గుడ్డులోకి దిగుతుంది, ఆ గుడ్డు ఆయన పిల్లలు తింటారు.

భీమవరం_డేగ:
సూపర్ మార్కెట్లో ఫారం గుడ్లు కొనుక్కు తినేవాళ్లు కూడా నీతులు చెప్పడమే.

డాలస్_కోళ్లు:
నా గుడ్లు నా పెరట్లోవే. పేరు చదివి మాట్లాడండి.

వెట్_మూడోఏడు:
ఇద్దరూ కాస్త ఆగండి. కంట్లో నురగ, గురక, మేత తగ్గకపోవడం చూస్తే మైకోప్లాస్మా (సీఆర్‌డీ తెచ్చే క్రిమి) అనే అనిపిస్తోంది, ఖాయంగా చెప్పాలంటే పరీక్ష చేయాలి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ మాత్రం నీళ్లలో కలపొద్దు. ఆ మందు పనిచేసేది క్రిమి గోడ మీద, మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పనిచేస్తాయి, మోతాదు డాక్టరుతో రాయించుకోండి. గురక ఆగినా జబ్బు పూర్తిగా పోదు, గుడ్డు ద్వారా పిల్లకూ వస్తుంది, కాబట్టి ఆ గుడ్లు పొదగేయకండి. ఎవరైనా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడమంటే వినొద్దు, 2019లోనే మన దేశంలో పశువులకూ కోళ్లకూ నిషేధించారు.

సంత_రాజు:
దీనికింత చర్చా? మందుల ఖర్చు కోడి ఖరీదును మించిపోతుంది. గురక వినిపించగానే ఆదివారం సంతలో అమ్మేశా, పీడా పోయింది.

ఖమ్మం_లక్ష్మి:
పీడ పోలేదు, మాలాంటి వాళ్ల గూట్లోకి వచ్చింది! సంతలో కొన్న పుంజుతోనే మాకీ జబ్బు అంటింది. సిగ్గుండాలి.

సంత_రాజు:
కొనేవాళ్లు చూసుకోవాలమ్మా. నేనేం దాచలేదు, వాళ్లు అడగలేదు.

భీమవరం_డేగ:
ఈ విషయంలో లక్ష్మిగారిదే కరెక్ట్. కొత్త కోడిని నెల రోజులు విడిగా ఉంచకుండా పాతవాటిలో కలపకూడదు. మేమైతే నీళ్ల చిప్ప కూడా వేరు పెడతాం.

తణుకు_బాబు:
అసలు మందుల దాకా ఎందుకు, టీకా వేయించారా? కొక్కెరకు లాసోటా మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. సీసా 100 డోసులది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే మా వీధిలో అందరం ఒకే రోజు కోళ్లను పట్టుకొస్తాం. ఇంకోటి, ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే కోసి చూడకండి, పశువైద్య హెల్ప్‌లైన్ నంబరు 1962కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో మా పక్కన వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలింది, అందరం మామూలు కొక్కెరే అనుకున్నాం.

జనగామ_పెరడు:
వాసన లేదు, మొహం వాపు లేదు. రెంటినీ వేరే గంప కింద పెట్టా. గూట్లో రెట్ట ఘాటుకే నా కళ్లు మండుతున్నాయి, పొట్టు మార్చేస్తున్నా. గుడ్ల సంగతి మాత్రం ఎవరూ సూటిగా చెప్పలేదు.

వెట్_మూడోఏడు:
మందు ఇచ్చినన్ని రోజులూ, ఆపాక ఎన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసి ఉందో అన్ని రోజులూ గుడ్లు తినకండి. గుడ్లు పెట్టే కోళ్లకు వాడొద్దని రాసి ఉంటే ఆ మందే వద్దు.

ఖమ్మం_లక్ష్మి:
రాజుగారూ, మీది ఏ సంతో చెప్పండి. అటు వెళ్లకుండా ఉంటాం.