సాగర్ కుడి కాలువ కింది మట్టి మైనర్లకు (పిల్ల కాలువలకు) సిమెంటు లైనింగ్ చేయాలా?

పల్నాడు శివారు రైతు:
సాగర్ కుడి కాలువకు నీరు వదిలింది 1967లో. ఆ తరువాత తవ్విన మా మైనరు నేటికీ మట్టి కాలువే, పొడవు 5 కిలోమీటర్లు. వంతు రోజున పై తూములన్నీ మూయించి 10 క్యూసెక్కులు (సెకనుకు పది ఘనపుటడుగులు) వదిలినా, కాలువ చివరనున్న శివారుకు 5 కూడా చేరడం లేదు. మిగిలినదంతా నేలే తాగేస్తోందని నా నమ్మకం. పూడిక తీసిన మూడేళ్లకే తూటికాడ మళ్లీ కాలువను కమ్మేస్తోంది. అడుగుకూ గట్లకూ పూర్తిగా లైనింగ్ చేయాలని అడుగుతున్నాను. సభ్యులు ఏమంటారు?

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు:
శివారు రైతు గారూ, మీ బాధ న్యాయమైనదే కాని కారణం వేరని నా అభిప్రాయం. భూగర్భ జలాల అంచనాకు దేశమంతా వాడే లెక్క ప్రకారం, కొంత బంకమన్ను కలిసిన మామూలు నేలలో, తడిసే ప్రతి 10 లక్షల చదరపు మీటర్లకూ సెకనుకు 1.8 నుంచి 2.5 ఘనపు మీటర్ల నీరు ఇంకుతుంది. మీ కాలువలో అడుగు, పక్కలు కలిపి 3 మీటర్లు తడుస్తాయనుకుంటే మొత్తం 15 వేల చదరపు మీటర్లు. పెద్ద అంకెనే తీసుకున్నా ఇంకేది సుమారు 1.3 క్యూసెక్కులు. మీకు 5 తగ్గుతున్నాయి. తక్కిన నాలుగూ ఎండ్రకాయల బొరియల గుండా, మూసినా కారే షట్టర్ల గుండా, గట్టు కింద రాత్రిళ్లు దూర్చిన పైపుల గుండా పోతున్నాయని నేను గట్టిగా అనుకుంటున్నాను. వీటిలో పైపులను, షట్టర్లను లైనింగ్ ఆపలేదు.

నేల సంగతి కూడా చూడాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఉబ్బని మట్టిని కింద పొరగా పరిచి గట్టిపరచకుండా పలకలు పోస్తే, అవి కొద్ది సీజన్లకే లేచి పగులుతాయి. కాలువలో నీటిని ఒక్కసారిగా ఆపేసినప్పుడు వెనుక నిలిచిన ఊట నెట్టడం వల్ల కూలిన పలకలను సర్వీసులో నేనే చూశాను.

బావి కింద సేద్యగాడు:
ఇదే లెక్కలో లైనింగ్ చేసిన కాలువకు ఇంకుడు ఐదో వంతే వేస్తారు. కాలువ లెక్కలో నష్టంగా రాసే ఆ నీరు మా బావుల లెక్కలో ఆదాయం. కాలువకు నీరు ఆపేసిన రెండు నెలలకు మా బావిలో మెట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. మిరపకు చివరి తడులు ఆ మిగిలిన నీటితోనే ఇస్తాం. అడుగంతా సిమెంటు చేస్తే మాకు దారేది?

పల్నాడు శివారు రైతు:
మీ బావి నిండడం నాకూ సంతోషమే. కాని ఆయకట్టు పటంలో నా పొలం ఉంది, నీటి తీరువా నాకూ పడుతుంది. పై ఊరి బావులకు ఊట అందాలని నా వంతు నీటిని వదులుకోమనడం ధర్మమా? మా చివరన బోరు వేసినా చౌడు నీళ్లే పడతాయి.

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు:
ఆ చివరి మాటే అసలు విషయం. మంచి నీటి బావులున్న చోట ఇంకిన నీరు మళ్లీ పొలానికి వస్తుంది. చౌడు నీటిలో కలిసినది ఎవరికీ పనికిరాదు. దివిసీమలోనూ, రేపల్లె వైపు ఉప్పు ఊటలున్న చోట్లా లైనింగ్ చేయాలని నేను వాదించడం ఇందుకే. మీ మైనరులో కూడా చౌడున్న చివరి భాగానికీ, గట్టు మెరక మీద సాగే చోటుకూ లైనింగ్ అడగండి. తక్కిన పొడవునా గట్టును తవ్వి, పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించి, తూములకు కొత్త షట్టర్లు పెట్టించండి.

దరఖాస్తుకు ముందు నీటి వినియోగదారుల సంఘం చేత ఒక పరీక్ష చేయించండి. కాలువకు నీరు ఆపేసే వారంలో, నేల ఇంకా తడిగా ఉండగానే, వంద మీటర్ల ముక్కకు రెండు వైపులా అడ్డుకట్ట వేసి, నీరు నింపి, ఒక రోజులో ఎన్ని అంగుళాలు దిగిందో కర్రతో కొలవాలి. పై భాగంలో ఒకటి, చౌడులో ఒకటి చేస్తే చాలు. బావి రైతులను కూడా ఆ గట్టు మీదికి పిలవండి.